నల్ల పేలిక కట్టిన గరిటె

నేను ఒక గరిటెను. ఇంట్లో పప్పు తిప్పే చిన్న గరిటె అనుకునేరు. నన్ను నేల మీద నిలబెడితే ఒకటో తరగతి పిల్లకు నడుము దాకా వస్తాను. రోజూ నూట ఇరవై పళ్ళేలు నా మీదుగా నిండేవి. ఒక గుంట, ఒక కాడ, ఆ రెంటినీ పట్టి ఉంచే రెండు రివిట్లు, ఇంతే నా ఒళ్ళు. ఆ రివిట్ల దగ్గర గుంటకూ కాడకూ మధ్య చిన్న సందు ఉంటుంది. ఒకసారి ఆ సందులో శనగగింజంత గుడ్డు పచ్చసొన ఇరుక్కుంది. దానివల్ల ఇద్దరు తల్లులకు నిద్ర లేకుండా పోయింది. ఆ సంగతి చెప్పాలనే మొదలుపెట్టాను.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. ఒకే స్టీలు రేకులోంచి రెండు గుండ్రాలు కత్తిరించి, అచ్చు మీద పెట్టి సుత్తితో గుంటలు చేశారు. ఒకటి నేను, రెండోది నా కవల. పక్కపక్కన పెడితే మమ్మల్ని చేసినవాడు కూడా ఎవరు ఎవరో చెప్పలేకపోయాడు.

మమ్మల్ని మొదట కొన్నది షామియానాలు, వంటసామాన్లు అద్దెకిచ్చే సుబ్బరాయుడు. సామాను తారుమారు కాకుండా మా ఇద్దరి కాడల మీదా చుక్కలతో తన పేరు కొట్టించుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర తిరిగాం. ఒకనాడు నిఖా విందులో బిర్యానీలో మునిగేదాన్ని. బూడిదతో తోమించుకుని మర్నాడు అయ్యప్ప పడిపూజలో సాంబారు పోసేదాన్ని. ఆ ఆదివారమే చర్చి ఆవరణలో పాయసం. తీసుకుపోయేవాళ్ళు మమ్మల్ని తిప్పి తిప్పి చూసేవాళ్ళు, కానీ ఎక్కడైనా సొట్ట పడిందా, విరిగిందా అనే చూసేవాళ్ళు. నిన్న ఎవరింట్లో ఉన్నావని తొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. మనుషులకు అద్దె సామాను మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఎందుకుండదో నాకు ఇప్పటికీ తెలియదు.

సుబ్బరాయుడు కొట్టు ఎత్తేసేటప్పుడు మా ఇద్దరినీ ఊరి బడికి ఇచ్చేశాడు. చింతలకుంట బడి. ఏడో తరగతి దాకా ఉంది. హెడ్మాస్టరు దేవదానం సారు. మధ్యాహ్న భోజనం వండేది ఓబులమ్మ, ఆమెకు తోడు మాబున్ని.

ఓబులమ్మకు అరవై దగ్గర పడ్డాయి. ఎడమ కంట్లో పొర. ఉప్పు ఎంత వెయ్యాలో చేతికే తెలుసు కాబట్టి కంటి గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. మాబున్ని దూదేకులవాళ్ళ కోడలు, ఇరవై ఏడేళ్ళది. ఎనిమిదో తరగతిలో ఉండగా పెళ్ళి చేసేశారు. కూతురు జైబున్ ఇదే బడిలో ఐదో తరగతి. పొయ్యి ఊదుతూ కూడా మాబున్ని చెవి ఐదో తరగతి గది వైపే పెట్టి ఉంచేది. సారు ఎక్కం అడిగితే ఇక్కడ ఈమె పెదాలు కదిలేవి. తన చదువు ఎక్కడ తెగిందో ఆ పిల్ల అది దాటిపోవాలన్నది ఆమెకున్న ఒకే ఒక ఆశ.

నా కాడ మీద సొట్ట పడింది ఆమె చేతిలోనే. ఒకసారి వంటింట్లోకి కోతి దూరితే నన్నెత్తి విసిరింది. కోతికి తగల్లేదు, నేను బండకు తగిలాను. కాడ మీద, సరిగ్గా బొటనవేలు ఆనేచోట చిన్న పల్లం పడింది. కంటికి అంతగా ఆనదు. మాబున్ని వేలికి మాత్రం అది బాగా తెలుసు. నన్ను పట్టుకోగానే ఆ వేలు పోయి అందులో కూర్చునేది.

కార్తీకమాసంలో ఐదో తరగతి మస్తానయ్య అయ్యప్ప మాల వేసుకుని బడికొచ్చాడు. నల్ల పంచె, నల్ల చొక్కా, నుదుట గంధం, కాళ్ళకు చెప్పుల్లేవు. పదేళ్ళ పిల్లవాడు. మాల మెడలో పడ్డాక వాణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళే లేరు. మాల వేసుకున్నవాడు ఎవరైనా స్వామే. లెక్క తప్పు చేసినప్పుడు దేవదానం సారు అలవాటుగా బెత్తం ఎత్తి, మాల చూసి దించి, "ఏం స్వామీ, ఏడెనిమిదులు యాభై నాలుగా?" అనేవాడు. ఆదివారం చర్చిలో బైబిలు చదివే మనిషి ఆయన. రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లలను అన్నం గంటలో తన గదిలో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకాలు ఇచ్చేవాడు, వంట వాసన తగలకుండా. జైబున్ కూడా, "స్వామీ, నా రబ్బరు తీసుకుని మళ్ళా ఇయ్యలేదు నువ్వు," అని వాడితో పోట్లాడేది.

ఆ మాల వెనకాల ఒక భయం ఉంది. మస్తానయ్యకు చంటిబిడ్డప్పుడు ఫిట్సు వచ్చేవి. తల్లి నాగవేణి వాణ్ణి దర్గాకు ఎత్తుకుపోయి గడప మీద పడుకోబెట్టి మొక్కుకుంది. బిడ్డ తేరుకున్నాడని ఆ దర్గా పేరు మీదే మస్తానయ్య అని పేరు పెట్టింది. పోయిన ఏడు మళ్ళీ ఒకసారి వచ్చాయి. డాక్టరు మాత్రలిచ్చాడు. ఆమె మాత్రలు మింగిస్తూనే శబరిమలకు కూడా మొక్కింది. నలభై ఒక్క రోజుల దీక్షలో ఒక్క పొరపాటు జరిగినా బిడ్డ మళ్ళీ గిలగిలా కొట్టుకుంటాడని ఆ తల్లి మనసులో పడిపోయింది.

నాగవేణీ మాబున్నీ ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. చదువు మానిపించింది కూడా ఇద్దరికీ ఒకే వేసవిలో. అందుకే మాల వేసిన మొదటి రోజు నాగవేణి నేరుగా వంటింటికి వచ్చింది.

"మ్మే మాబూ, బడి కూడు వద్దంటే వీడు వినడు. పిల్లోల్లతో కలిసి తినల్లంట. గుడ్లు తగలకుండా వీనికి వేరేగా చేస్తావా?"

"నా బిడ్డ రోజా ఉంటే ఎట్ల చూసుకుంటానో అట్ల చూసుకుంటా. నువ్వు పో."

నాగవేణి కొడుకు పాత నల్ల పంచెలోంచి ఒక పేలిక చింపి ఇచ్చింది. మాబున్ని దాన్ని నా కవల కాడకు కట్టింది. ఆ రోజు నుంచి అది స్వామి గరిటె, నేను గుడ్డు గరిటె. పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి, గుడ్లు పొయ్యెక్కక ముందే చిన్న గిన్నెలో స్వామి పప్పు దించేసేది. పని కాగానే పేలిక విప్పి, ఉతికి, కిటికీ చువ్వకు ఆరేసేది. మర్నాడు మళ్ళీ కట్టేది. ఎవరూ చెప్పని నియమాలు కూడా ఆమే పెట్టుకుంది.

ఇలా పది రోజులు బాగానే జరిగింది. పదకొండో రోజు మంచినీళ్ళ ట్యాంకు దగ్గర బిందె పట్టుకుంటూ ఎవరో నాగవేణితో అన్నారట: "ఇంట్లో కోడిని కోసే చేతులతోనే స్వామి గరిటె ముట్టుకుంటాదంటనే ఆమె?" నాగవేణి ఇంట్లోనూ మామూలు రోజుల్లో కోడి ఉడికేది. అది ఆమెకు ఆ క్షణాన గుర్తురాలేదు. భయం దూరాక ఇక లెక్కలు సరిగ్గా నడవవు. బిందె ఇంట్లో పెట్టి హెడ్మాస్టరు దగ్గరికి పోయింది. సాయిబులామె చెయ్యి వద్దు, ఇంకెవరైనా చూసుకుంటే మేలంది. దేవదానం సారు మంచివాడే కానీ గొడవంటే దడ. "సరే అమ్మా, రేపట్నుంచి ఓబులమ్మ చూస్తుంది," అనేశాడు.

మాబున్ని పేలిక విప్పి ఓబులమ్మ చేతిలో పెట్టింది. ఆ రోజు నన్ను తోమేటప్పుడు మాత్రం చర్మం ఉంటే ఊడిపోయేటంత గట్టిగా తోమింది.

పదహారో రోజు బుధవారం, గుడ్డు కూర. మాబున్ని నాతో కూర తిప్పుతుంటే రెండు గుడ్లు చితికి పచ్చసొన రసంలో కలిసింది. నన్ను తొట్టి నీళ్ళలో ఒకసారి ముంచి గోడకు ఆనించి, కట్టెల కోసం బయటికి పోయింది. ఓబులమ్మ కిటికీ మీది పేలిక తీసుకుని గోడ వెంట తడుముకుంటూ వచ్చింది. నా కవల నాకు జానెడు దూరంలో ఉంది. ముసలామె చెయ్యి నా దగ్గర ఆగింది.

నేను కాదమ్మా, పక్కది. ఎంత అరిచినా స్టీలుకు గొంతేది? ఆమె నా మెడకు నల్ల పేలిక రెండు ముళ్ళేసి గట్టిగా కట్టింది. నా రివిటు సందులో పచ్చసొన తడిగానే ఉంది.

అన్నం గంట కొట్టారు. బడి పద్ధతి ప్రకారం స్వామికి మొదట వడ్డించాలి. వాడు చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని శరణం చెప్పుకున్నాడు. ఓబులమ్మ నన్ను పప్పు గిన్నెలో ముంచింది. వేడికి సందులోది కరగడం మొదలైంది. పళ్ళెంలో పోసింది. మస్తానయ్య కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అటు వరసలో మాబున్ని గుడ్డు కూర వడ్డించడానికి గోడకున్న గరిటె అందుకుంది. ఆమె బొటనవేలు అలవాటుగా పల్లం కోసం వెతికింది. పల్లం లేదు. కాడ నున్నగా ఉంది.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నా మెడలో నల్ల పేలిక. స్వామి చేతిలో రెండో ముద్ద.

నోరు తెరిచింది. ఆ ఒక్క కేక పడి ఉంటే వాడి చెయ్యి ఆగేది. కానీ ఎదురుగా నూట ఇరవై మంది పిల్లలు. ఆ వరసలో మూడోది జైబున్. మాబున్ని నోరు మూసుకుంది. చేతిలోని నా కవలను కూరలో ముంచకుండా పక్కన పెట్టి, స్టీలు గ్లాసు అందుకుంది.

"ఏం మాబక్కా, ఈ పొద్దు గ్లాసుతో పోస్తాండావు? గరిటెకు సెలవా?" అని ఒకడు నవ్వాడు. ఆమె తల వంచుకుని తర్వాతి పళ్ళెంలో కూర పోసింది.

సామాను తోమేటప్పుడు పిన్నీసు పెట్టి నా సందులోంచి పచ్చసొన తీసింది. మిగిలింది ఆవగింజంతే. అరచేతిలో పెట్టుకుని ఓబులమ్మకు చూపించింది. ముసలామె చాలాసేపు కన్ను దగ్గరికి పెట్టుకుని చూసింది.

"నేనే కట్టినానా?"

"నీకు కనపడదని నాకు తెలుసు కదవ్వా. నేను ఒకసారి చూడల్సింది."

"నోరు మూసుకోమ్మే. నేను కట్టినానంటే ఎవరూ నమ్మరు. నువ్వే కావాలని చేసినావంటారు. నీకు బిడ్డుండాది."

మర్నాడు స్వామి బడికి రాలేదు. శుక్రవారమూ రాలేదు. మధ్యాహ్నం జైబున్ వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, స్వామికి జరమంట, లేయలేదంట," అంది. మాబున్ని చేతిలోని బియ్యం చేట కింద పడింది.

బడి వదిలాక నన్ను గుడ్డసంచిలో పెట్టుకుంది. జైబున్‌ను ఓబులమ్మ దగ్గర వదిలి, నాగవేణి ఇంటికి బయల్దేరింది. సంచిలో నాకు దారి కనపడలేదు. ఆమె నడక మాత్రం తెలిసింది. రెండు వీధులు గబగబా నడవడం, ఆగడం, వెనక్కి నాలుగు అడుగులు, మళ్ళీ ముందుకు.

నాగవేణి వాకిట్లోనే ఉంది. లోపల చాప మీద మస్తానయ్య నుదుటి మీద తడిగుడ్డతో పడుకున్నాడు. మాబున్ని మెట్టు ఎక్కలేదు. సంచిలోంచి నన్ను తీసి అరుగు మీద పెట్టింది.

"బుధవారం స్వామికి ఈ గరిటెతో వడ్డించినారు. ఇది గుడ్డు గరిటె. సందులో పచ్చసొన ఉండింది."

నాగవేణి వంగి నా సందులోకి చూసింది. "నా కొడుకు నోట్లోకి గుడ్డు పోయిందా?"

"పోయింది."

"నీకెప్పుడు తెలిసింది?"

మాబున్ని ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. అన్నం అయిపోయాక తెలిసిందంటే కాదనేవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప.

"రెండో ముద్దకే తెలిసింది. అరవలేకపోయినా. భయమేసింది నాగవేణీ. నా బిడ్డ ఆ వరసలోనే నిలబడుండాది."

"నీ బిడ్డకు భయపడి నా బిడ్డను చూస్తా ఉండిపోయినావా?" నాగవేణి గొంతుకు పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసింది. "వానికి ఫిట్సు వస్తే? చెప్పు! నీకు తెలిసి కూడా... యాల మార్చి కట్టినావే గరిటె? ఏం చేసినాం నీకు?"

ఓబులమ్మ పేరు మాబున్ని నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. చెప్పలేదు.

"అడుగుతాండా కదా! పేలిక కట్టేది నువ్వే కదా, నువ్వే..." నాగవేణి మాట అక్కడ తెగిపోయింది. కట్టేది మాబున్ని కాదు. వారం రోజులుగా కాదు. ఎందుకు కాదో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. అరుగు మీద కూలబడింది.

పక్కింటామె తల గోడ వెనక్కి పోయింది. వినవలసిన సగం ఆమె వినేసింది.

లోపలినుంచి సన్నని గొంతు వినిపించింది. "మాబక్కా, అయ్యప్పకు నా మింద కోపమొస్తాదా?"

మాబున్ని మెట్టు దగ్గరికి జరిగింది. గడప ఇవతల నుంచే, "నీకు తెలీకుండా జరిగిందానికి నీ మింద యాల వస్తాది స్వామీ? వస్తే నా మింద రావల్ల," అంది.

నాగవేణి లేచి ఫోను తీసి గురుస్వామికి చేసింది. మాల వేసిన పెద్దాయన ఆయన. అవతల గొంతు నిదానంగా ఉంది. "తెలియక జరిగింది కదమ్మా. జ్వరం తగ్గినాక తలస్నానం చేయించి, నూటెనిమిది శరణాలు చెప్పించు. మాల తీసే పనిలేదు. డాక్టరు మాత్రలు మాత్రం ఆపొద్దు." నాగవేణి ఫోను పెట్టేసి మాబున్ని వైపు చూడకుండా, "ఇంక పో," అంది. నేను మళ్ళీ సంచిలోకి పోయాను. ఆ మాటలో కోపం ఎంత, ఇంకేదైనా ఎంత అని ఇంటిదాకా తూచుకుంటూ నడిచింది మాబున్ని.

శనివారం పొద్దున బడి గేటు దగ్గర పదిమంది చేరారు. పక్కింటామె విన్న సగం ఊరంతా తిరిగి వచ్చింది. సాయిబులామె స్వామికి కావాలని గుడ్డు పెట్టింది, బిడ్డ మంచాన పడ్డాడు. ఆమెను తీసేయాలి. లేకపోతే మా పిల్లలను పంపం. దేవదానం సారు చేతులు పైకెత్తి దించుతూ, "కూర్చుని మాట్లాడుకుందాం," అంటున్నాడు కానీ కూర్చునేవాళ్ళు లేరు. వరండాలో జైబున్ పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని నిలబడింది. రోజూ దాని పక్కన కూర్చునే పిల్ల నాలుగడుగులు జరిగి నిలబడింది.

మాబున్ని గరిటెలు రెండూ పట్టుకుని వచ్చి సారు ముందు పెట్టింది. "నేను పోతా సారూ. నా బిడ్డను మాత్రం ఈ బళ్ళోనే ఉండనీండి. దానికి లెక్కలు బాగా వస్తాయి."

ఓబులమ్మ ఆ వెనకాలే గోడ పట్టుకుంటూ వచ్చింది. "కట్టింది నేను సారూ. నాకు ఎడమ కన్ను కనపడదు." ఎవరో నవ్వారు. "ఆమెను కాపాడేదానికి చెప్తాందిలే అవ్వ." ముసలామె ముందే చెప్పింది, ఎవరూ నమ్మరని.

అప్పుడు గేటు తోసుకుని నాగవేణి వచ్చింది. చంకలో కొడుకు. జ్వరం తగ్గింది, తల తడిగా ఉంది, మాల మెడలోనే ఉంది. వాణ్ణి కిందికి దించింది.

"ఎవరి బిడ్డ గురించి మాట్లాడతాండారు మీరంతా?" అంది. గుంపు సర్దుకుంది. "పది దినాలు ఆమె కట్టింది. ఒక్క పొద్దు తప్పు జరగలేదు. ఆమె చెయ్యి వద్దని సారుకు చెప్పింది నేను. కళ్ళు కనపడని అవ్వ చేతికి పోయేట్ల చేసింది నేను. గుడ్డు నా కొడుకు నోట్లోకి పోయింది నావల్ల. ఆమె వచ్చి చెప్పకపోతే నాకు తెలిసేది కూడా కాదు."

ఒకాయన, "అయినా కూడా చెల్లెమ్మా..." అని మొదలుపెట్టాడు.

"నా కొడుకు పేరేందన్నా?"

ఆయన ఆగాడు. "మస్తానయ్య."

"యాడ్నుంచి వచ్చిందా పేరు? దర్గా గడప మీద వాణ్ణి పండబెట్టినప్పుడు నువ్వు కూడా నా పక్కనే ఉంటివి."

ఆయన మీసం సవరించుకుని పక్కకు చూశాడు.

నాగవేణి కొంగు ముడి విప్పింది. అందులో కొత్తగా చింపిన నల్ల పేలిక. మాబున్ని ముందు పట్టుకుంది. భయం పూర్తిగా పోలేదు, రెండో చేత్తో కొడుకు మాలను పట్టుకునే ఉంది. భయంతోనే ఇస్తోంది.

"కట్టు మాబూ."

మాబున్ని వెంటనే తీసుకోలేదు. "మళ్ళా ట్యాంకు కాడ ఎవరన్నా ఏమన్నా అంటే?"

"అంటారు. నేనూ వింటా. ఈసారి నేరుగా నిన్నే వచ్చి అడుగుతా."

మాబున్ని కింద కూర్చుని మా ఇద్దరి కాడల మీద బొటనవేలు నడిపింది. నా పల్లం దగ్గర ఒక్క క్షణం ఆగి, నన్ను పక్కకు జరిపి, నా కవల మెడకు పేలిక కట్టింది. ఇంత తేలికైన పని చూడడానికి అంతమంది ఊపిరి బిగబట్టడం నేను ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

అందరూ మారిపోయారని చెప్పను. ఇద్దరు పిల్లలు ఆ నెలంతా ఇంటినుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. ట్యాంకు దగ్గర మాటలు ఆగలేదు. జైబున్ పక్క పిల్ల మూడు రోజుల తర్వాత రబ్బరు అడగడానికి దగ్గరికి జరిగి, మళ్ళీ దూరం జరగడం మర్చిపోయింది. దేవదానం సారు ఓబులమ్మను కంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పొర తీయించుకుని వచ్చిన అవ్వ మొట్టమొదట మమ్మల్నిద్దరినీ వెలుతురులో పెట్టి చూసి, "నాదేమీ తప్పు లేదు, ఇప్పుడు కూడా ఒకేమాదిరి ఉండారు ముండలు," అంది.

నలభై ఒక్క రోజులు నిండాయి. శబరిమల పోయి వచ్చిన మస్తానయ్య మామూలు నిక్కరు, చొక్కాతో బడికి వచ్చాడు. ఆ రోజు కూడా గుడ్డు కూరే. వరసలో వాడి వంతు రాగానే మాబున్ని చెయ్యి అలవాటుగా ఆగిపోయింది.

"స్వామీ, నీకు ఇది..."

"స్వామి యాడుండాడు మాబక్కా? మాల తీసేసినా కదా. రెండు గుడ్లు వెయ్యి. నలభై ఒక్క దినాలవి బాకీ."

మాబున్ని నవ్వింది. నా గుంటలో గుడ్డు పెట్టి వాడి పళ్ళెంలోకి వంచింది. ఆమె బొటనవేలు నా పల్లంలో నెమ్మదిగా కూర్చుంది.

అదంతా జరిగి ఏళ్ళయింది. బడికి కొత్త సామాను వచ్చింది, మా ఇద్దరికీ పనిపోయింది. నా కవల గుంట పగిలి పాత సామాన్లవాడి బండిలో పోయింది. నేను వంటింటి వెనక కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోయడానికి మిగిలాను. ఇప్పుడు నాకు గుడ్డూ లేదు, పప్పూ లేదు. జైబున్ పైచదువులకు పట్నం పోయింది.

ఏటా కార్తీకంలో ఎవరో ఒక పిల్లవాడు మాల వేసుకుని వస్తాడు. వాడి తల్లి కూడా వస్తుంది, అదే భయంతో. చేతిలోని నల్ల పేలిక ఒకే ఒక్కరికి ఇవ్వాలని వంటింటి గుమ్మంలో నిలబడి అడుగుతుంది.

"మాబున్ని ఎవరు?"